లినక్సు కంప్యూటరులో హార్డు డిస్కు పరీక్ష

గ్రామములలో లెక్కలు వ్రాయు పని నేడు చాలవరకు కంప్యూటరునకు అప్పగింపబడినది. పాల సేకరణ కేంద్రము, పరపతి సంఘము, గ్రంథాలయము, ఉన్నత పాఠశాల, ఎచ్చట చూచినను ఒక బల్లపై నది కానవచ్చును. చాలచోట్ల ఆ యంత్రములు పాతవి. క్రొత్త విండోసును మోయజాలని పాత యంత్రముపై లినక్సును ఎక్కించుకొని పని జరుపుకొనువారును కలరు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ లినక్సునకు వెల లేదు. కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలు దీని ఆధారముననే కంప్యూటరు విద్య నేర్పుచున్నవి. అయితే యంత్రము పాతబడినకొలది కనిపెట్టి చూడవలసినది దాని హార్డు డిస్కు. మిగిలిన ఏ భాగము చెడినను పట్టణమునకు పోయి కొని తేవచ్చును. డిస్కులోని లెక్కలు ఏ బజారులోను దొరకవు.

ఈ పాఠము వ్రాయుటకు నన్ను పురికొల్పినది మా ఊరి పాల కేంద్రములో జరిగిన యొక సంగతి. ఒక వర్షాకాలమున అచ్చటి కంప్యూటరు మందగించినది. తెల్లవారుజామున పాలు పోయువారు వరుసలో నిలిచియుండగా, ఒక్కొక్కరి లీటర్లును వెన్న శాతమును ఎక్కించుటకు అది నిమిషముల తరబడి తీసికొనుచుండెను. మధ్య మధ్య పెట్టె లోపలినుండి టక్కు టక్కుమను చప్పుడు వచ్చుచుండెను. కేంద్రమును చూచుకొను కుర్రవాడు నా యొద్దకు వచ్చి, “మాస్టారూ, ఫైళ్లలో తప్పులున్నవని తెరపై వచ్చుచున్నది, ఏమి చేయమందురు?” అని యడిగెను. మరమ్మతు ఆజ్ఞ యిచ్చి, అది అడిగిన ప్రతి ప్రశ్నకును ‘అవును’ అని జవాబు చెప్పుమంటిని. డిస్కును పరీక్షింపకయే చెప్పితిని. ఆ మరమ్మతు మూడు గంటలు నడచి ఆగిపోయెను. తెరచి చూడగా ఆ పక్షమునకు చెందిన పాల లెక్క పేర్లు పోయి, వట్టి అంకెలు పేర్లుగా గల ఫైళ్లై ఒక మూల పడియుండెను; సగము తెరచుకొననే లేదు. సభ్యుల యిండ్లలోని చీటీలను పోగుచేసి ఆ పక్షపు బిల్లును మరల వ్రాయవలసి వచ్చెను. చీటీలను చూరులో దోపి దాచుకొన్న ముసలమ్మకు పూర్తి సొమ్ము ముట్టినది. పారవేసినవారికి అంతకు ముందు పక్షపు సగటు కట్టి యిచ్చిరి. అప్పుడే ఈనిన గేదె గలవానికి ఆ సగటు వలన నష్టమే గదా. తప్పు కుర్రవానిది కాదు, నాది.

రెండు వేర్వేరు రోగములను ఒకటిగా తలచుటయే నేను చేసిన పొరపాటు. ఊరి భూముల విషయమున పొలము ఒకటి, ఆ పొలము ఎవరిది, ఎంత, ఏ సర్వే నంబరులోనిది అని తెలుపు అడంగలు వేరొకటి. తెలంగాణమున దీనినే పహాణీ యందురు. అడంగలులో వ్రాత తప్పినను పొలమునకు హాని లేదు; తీరికగా కూర్చుండి దిద్దుకొనవచ్చును. పొలమే ఏటి కోతకు పోవుచున్నప్పుడు అడంగలును ఎంత దిద్దినను ఫలమేమి? డిస్కులోను ఇట్లే రెండు కలవు. సమాచారము నిలుచు లోహపు పళ్లెము పొలము వంటిది. ఏ ఫైలు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో తెలుపు పట్టిక అడంగలు వంటిది. దీనికి ఫైలు వ్యవస్థ యని పేరు. కరెంటు హఠాత్తుగా పోయినచో పట్టిక సగము వ్రాసి నిలిచిపోవును. అది మొదటి రోగము, సాధారణముగా నయమగునది. పళ్లెముపైని పొర చెడుట, దానిని చదువు హెడ్డు అరుగుట రెండవ రోగము. దీనికి మందు లేదు. ఉన్నదానిని త్వరగా వేరొక డిస్కునకు తరలించుటయే మార్గము.

ఈ రెండును తెరపై ఒకే తీరుగ కనబడును. యంత్రము మందగించును, ఫైలు తెరచుకొనదు, తప్పు కలదని సందేశము వచ్చును. చిక్కంతయు ఇందే యున్నది. చెడిపోవుచున్న డిస్కుపై ఫైలు వ్యవస్థను దిద్ద బూనినచో, ఆ పనికై హెడ్డు డిస్కు అంతటను పరుగులిడును. చదువుట కుదరని చోట ‘ఇచ్చట ఏమియు లేదు’ అని పట్టికలో క్రొత్త వ్రాత వ్రాయును. ప్రాణము మిగిలియున్న కొద్ది గంటలను మనమే ఖర్చుపెట్టినవార మగుదుము. కావున మొదట పరీక్ష, పిమ్మట నకలు, కట్టకడపట మరమ్మతు. ఈ వరుసను తప్పరాదు.

డిస్కు లోపలి సంగతి కొంత తెలిసియుండుట మేలు. మొట్టమొదటి హార్డు డిస్కును 1956లో అమెరికాయందు ఐ.బి.యం. సంస్థ తయారుచేసినది. అందు రెండడుగుల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెను. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెను. నేటి డిస్కు అరచేతిలో ఇమిడి, లక్షల రెట్లు దాచుచున్నది. పళ్లెము నిమిషమునకు 5,400 సారులు గాని 7,200 సారులు గాని తిరుగును. చదువు హెడ్డు పళ్లెమును తాకదు. వెండ్రుక మందములో వేయవ వంతునకు తక్కువైన ఎడముతో గాలిపై తేలుచుండును. ఆ ఎడము తలచుకొన్నచో, తిరుగుచున్న యంత్రమును బల్లతోకూడ ప్రక్కకు లాగువారిని చూచినప్పుడు గుండె జల్లుమనును. పళ్లెముపైని స్థలము చిన్న చిన్న మడులుగా విభజింపబడియుండును. వీనిని సెక్టార్లందురు. పూర్వము ఒక్కొక్కటి 512 బైట్లు. క్రొత్త డిస్కులలో లోపలి సెక్టారు 4,096 బైట్లు. ఒక మడి చౌడు పట్టినచో, డిస్కు దానిని విడిచి, ముందుగానే దాచియుంచిన అదనపు మడిని దాని స్థానమున వాడుకొనును. ఈ మార్పు మనకు తెలియకయే జరుగును. కాని డిస్కు తనలో లెక్క వ్రాసికొనును. ఆ లెక్కను అడిగి తెలిసికొనుటయే పరీక్ష.

డిస్కును అడుగుట

ఇక పనికి వత్తము. ఈ దిగువ ఆజ్ఞలను తెలుగు లిపిలో వ్రాసితిని. కీబోర్డుపై ఆంగ్లాక్షరములతో కొట్టవలెను. లినక్సునకు పెద్దక్షరము వేరు, చిన్నక్షరము వేరు. పెద్దక్షరము అవసరమైన చోట ఆ మాట చెప్పితిని, తక్కినవన్నియు చిన్నక్షరములే.

టెర్మినల్ తెరచి, ఎల్, ఎస్, బి, ఎల్, కె అను అయిదక్షరములు కొట్టుడు. యంత్రమందలి డిస్కుల పట్టిక వచ్చును. మొదటి డిస్కునకు సాధారణముగా ‘ఎస్‌డిఎ’ యని పేరుండును. దాని భాగములకు ఎస్‌డిఎ1, ఎస్‌డిఎ2 అని పేర్లు. వేయి గిగాబైట్లని కొన్న డిస్కు ఇచ్చట 931 అని కనబడును. అంగడివాడు మోసగించలేదు, అతడు వేయిళ్లలో లెక్కించును, యంత్రము 1,024లలో లెక్కించును, అంతే.

తరువాత స్మార్ట్‌మాన్‌టూల్స్ అను ఉపకరణము కావలెను. ఉబుంటు, డెబియన్ రకములలో ‘సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్మార్ట్‌మాన్‌టూల్స్’ అని కొట్టినచో ఇంటర్నెట్టు ద్వారా దిగును. ‘సూడో’ అనగా ఎస్, యు, డి, ఓ. యజమాని అధికారముతో చేయుమని దాని భావము. ఇందలి ముఖ్యమైన ఆజ్ఞ పేరు స్మార్ట్ అను మాట చివర సి, టి, ఎల్ అను అక్షరములు చేర్చినచో వచ్చును.

‘సూడో స్మార్ట్‌సిటిఎల్ -హెచ్ /డెవ్/ఎస్‌డిఎ’ అని కొట్టుడు. హెచ్ పెద్దక్షరము, డెవ్ అనగా డి, ఇ, వి. ‘పాస్డ్’ అని గాని ‘ఫెయిల్డ్’ అని గాని జవాబు వచ్చును. ఫెయిల్డ్ అన్నచో చర్చ లేదు, వెంటనే నకలు తీయవలెను. పాస్డ్ అన్నచో మాత్రము సంతోషపడి లేచిపోరాదు. పరీక్షలో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన విద్యార్థియు పాసైనట్లే. మార్కుల పట్టికను చూడవలెను. అందులకై హెచ్ బదులు పెద్దక్షరము ‘ఎ’ కొట్టవలెను. అప్పుడు వరుస సంఖ్యలతో పొడవైన పట్టిక వచ్చును. ప్రతి వరుస చివరనున్న అంకెనే మనము చూడవలసినది.

5వ వరుస: చౌడు పట్టి మార్చబడిన మడులెన్నియో తెలుపును. ఇది సున్నయైనచో శుభము. కొద్దిపాటి అంకె యుండి నెలల తరబడి మారకున్నచో భయము లేదు. వారము వారమునకు పెరుగుచున్నచో పొలము కోతకు పోవుచున్నదని గ్రహింపవలెను. 197వ వరుస ఇంకను ముఖ్యము. చదువుటకు కుదరక, మార్చుటకును వీలులేక, సందేహములోనున్న మడుల సంఖ్య యిది. మార్చుటకు వీలేల లేదనగా, ఆ మడిలో ఏమున్నదో డిస్కునకే తెలియదు. తెలియనిదానిని క్రొత్త మడిలో నెట్లు వ్రాయును? కావున ఈ అంకె సున్న కాదనగా మీ ఫైలు ఏదో యొకటి ఇప్పటికే చిక్కులో నుండవచ్చునని అర్థము. 198వ వరుస డిస్కు తీరిక వేళ తన్ను తాను పరిశీలించుకొన్నప్పుడు చదువజాలని మడులను తెలుపును. 199వ వరుస పెరుగుచున్నచో డిస్కును నిందింపకుడు. దానికిని యంత్రమునకును మధ్యనున్న తీగ వదులై యుండవచ్చును. తీగ మార్చిన తరువాత ఆ అంకె తగ్గదు, పెరుగుట మాత్రము ఆగును. 9వ వరుస డిస్కు పనిచేసిన గంటలు, 194వది వేడి. 1వ వరుసయందును 7వ వరుసయందును కొన్ని డిస్కులు కోట్ల సంఖ్యలను చూపును. అవి ఆ తయారీదారుల లెక్క విధానము వలన వచ్చునవి. వానిని చూచి బెదరకుడు.

ఈ సూచనలను ఎంతవరకు నమ్మవచ్చును? 2007లో గూగుల్ సంస్థ ఇంజనీర్లు ముగ్గురు లక్షకు మించిన డిస్కులను గమనించి తమ పరిశోధనను ప్రకటించిరి. పరిశీలనలో తొలి తప్పు కనబడిన డిస్కు, తప్పు కనబడని డిస్కుకంటె, 60 దినములలోపున చెడిపోవుటకు 39 రెట్లు ఎక్కువ అవకాశము కలదని వారు తేల్చిరి. అదే పరిశోధనలో వేరొక సంగతియు బయటపడినది. చెడిపోయిన డిస్కులలో నూటికి 56కు మించినవి, ముఖ్యమైన నాలుగు సూచనలలో ఏ యొక్కదానిని చూపకయే చెడినవి. కావున డిస్కు హెచ్చరించినచో తప్పక వినవలెను. హెచ్చరింపనంత మాత్రమున నమ్మి నకలు తీయుట మానరాదు.

పట్టిక చూచిన తరువాత డిస్కుచేతనే దాని పరీక్ష చేయింపవచ్చును. ‘సూడో స్మార్ట్‌సిటిఎల్ -టి షార్ట్ /డెవ్/ఎస్‌డిఎ’ అన్నచో రెండు నిమిషముల చిన్న పరీక్ష జరుగును. షార్టు బదులు లాంగ్ అన్నచో పళ్లెమంతయు చదువును. డిస్కు పెద్దదైన కొలది గంటల కాలము పట్టును. రాత్రి ఆరంభించి తెల్లవారి చూచుకొనుట మంచిది. ఈ పరీక్షలు చదువుటయే గాని వ్రాయవు, కావున ఫైళ్లకు భయము లేదు. ఫలితమునకై ‘సూడో స్మార్ట్‌సిటిఎల్ -ఎల్ సెల్ఫ్‌టెస్ట్ /డెవ్/ఎస్‌డిఎ’ అని అడుగవలెను. ‘రీడ్ ఫెయిల్యూర్’ అను మాట కనబడినచో చదువజాలని చోటు కలదని అర్థము. టెర్మినలుపై అలవాటు లేనివారు డిస్క్స్ అను చిత్రరూప ఉపకరణమును తెరచి ఈ పట్టికను, ఈ పరీక్షలను అందే చూడవచ్చును. మా కుర్రవాడు ఇప్పుడట్లే చేయుచున్నాడు.

పళ్లెములు లేని ఎస్.ఎస్.డి. రకపు డిస్కులకును స్మార్ట్‌సిటిఎల్ పనిచేయును. వరుసలు వేరుగా నుండును. ఎన్‌విఎమ్ఇ రకములో ‘పర్సెంటేజ్ యూజ్డ్’ అను వరుస ఆయుస్సులో ఎంత శాతము కరిగినదో చెప్పును. ఇట్టి డిస్కులలో చప్పుడు చేయునదేమియు లేదు. చెవితో కనిపెట్టుట అసాధ్యము.

నకలు, పిమ్మట మరమ్మతు

పరీక్షలో డిస్కు చెడినదని తేలినచో దానిపై మరేమియు వ్రాయరాదు. మొదట అతిముఖ్యమైన ఫైళ్లను, అనగా ఈ పక్షపు లెక్కను, సభ్యుల పట్టికను, పెన్‌డ్రైవులోనికి తీసికొనుడు. అది కుదరనిచో యంత్రమును లినక్సు గల పెన్‌డ్రైవు నుండి నడిపి, డిడిరెస్క్యూ అను ఉపకరణముతో డిస్కునంతటిని పెద్దదైన వేరొక డిస్కుపై ఒక ఫైలుగా దించవలెను. ఉబుంటులో దీనిని దింపుకొనునపుడు పేరునకు ముందు ‘జి’ అక్షరము చేర్చవలెను. ఇది తెలివిగల పనివాడు. చదువుటకు సులువైన చోట్లను మొదట కాపాడి, మొండి చోట్లను చివరకు మరల మరల ప్రయత్నించును. ఎంతవరకు వచ్చెనో యొక పట్టికలో వ్రాసికొనును. మధ్యలో కరెంటు పోయినను అచ్చటినుండియే సాగించును. ఆజ్ఞలో మూడు పేర్లు ఈ వరుసలోనే యుండవలెను: పాత డిస్కు, క్రొత్త ఫైలు, ఆ పట్టిక. ఒక డిస్కు నుండి నేరుగా వేరొక డిస్కుపైకి దించునపుడు ఈ వరుస తారుమారైనచో ఖాళీ డిస్కు నిండుదానిపై వ్రాయబడును. ఎంటరు మీట నొక్కుటకు ముందు ఇద్దరు చదువవలెనని మా కేంద్రములో నియమము పెట్టుకొంటిమి.

డిస్కు ఆరోగ్యముగానే యుండి ఫైలు వ్యవస్థ మాత్రము చెడినదా? అప్పుడు మరమ్మతు చేయవచ్చును. లినక్సులో విరివిగా వాడబడు ఫైలు వ్యవస్థ 2008లో వెలువడిన ఎక్స్‌ట్4. దీనిలో చిట్టా వంటి ఏర్పాటు కలదు. వర్తకుడు మొదట చిట్టాలో గీకి పిమ్మట ఆవర్జాలో ఎక్కించునట్లు, ఇదియు చేయబోవు మార్పును ముందు ఒకచోట వ్రాసికొనును. కరెంటు పోయి వచ్చినపుడు ఆ చిట్టాను చూచి సగములో నిలిచిన పనిని చక్కబరచుకొనును. అందువలన మరమ్మతు అవసరము పూర్వముకంటె తగ్గినది గాని తీరిపోలేదు.

మరమ్మతు చేయునది ఇ2ఎఫ్‌ఎస్‌సికె అను ఆజ్ఞ. ఇది మొత్తము డిస్కునకు గాక ఒక భాగమునకు, అనగా ఎస్‌డిఎ2 వంటిదానికి, ఇవ్వవలసినది. ఆ భాగము వాడుకలో ఉండగా మరమ్మతు చేయరాదు. ఒకరు అడంగలులో వ్రాయుచుండగా వేరొకరు అదే పుటను చించి దిద్దినట్లగును. ముందుగా ‘సూడో యూమౌంట్ /డెవ్/ఎస్‌డిఎ2’ అని దానిని విడిపింపవలెను. యు అక్షరము తరువాత ఎన్ లేదు. అన్‌మౌంట్ అని కొట్టి, ఆజ్ఞ లేదని యంత్రము చెప్పగా చిరాకుపడువారు పెక్కుమంది. లినక్సే యున్న భాగమును విడిపించుట సాధ్యము కాదు గనుక, పెన్‌డ్రైవు నుండి యంత్రమును నడిపి చేయవలెను.

విడిపించిన పిమ్మట ‘సూడో ఇ2ఎఫ్‌ఎస్‌సికె -ఎఫ్ -ఎన్ /డెవ్/ఎస్‌డిఎ2’ అని కొట్టుడు. ఎఫ్ అనగా శుభ్రముగా నున్నదని గుర్తు ఉన్నను మరల చూడుమని భావము. ఎన్ అనగా ప్రతి ప్రశ్నకును ‘కాదు’ అని జవాబు, అనగా చూచుటయే గాని ముట్టరాదు. అయిదు దశలలో పరీక్ష సాగును. ఫైళ్ల కొలతలు, ఫోల్డరుల నిర్మాణము, వాని పరస్పర సంబంధము, ఎన్ని పేర్లు ఏ ఫైలును సూచించుచున్నవను లెక్క, చివరకు ఖాళీ స్థలపు లెక్క. నాలుగైదు తప్పులు కనబడినచో ఎన్ తీసివేసి మరల ఆజ్ఞ యిచ్చి దిద్దుకొనవచ్చును. వందలకొలది తప్పులు జలపాతమువలె దొరలుచున్నచో ఆగుడు. డిస్కు పరీక్షకు మరల వెళ్లుడు. అన్నిటికి ‘అవును’ అను ‘-వై’ గుర్తును నకలు చేతిలో నున్నప్పుడే వాడవలెను. దిద్దిన తరువాత అదే పరీక్షను మరియొకమారు నడిపి, తప్పులేమియు మిగులలేదని చూచుకొనవలెను.

పేరు పోయిన ఫైళ్లను ఈ ఆజ్ఞ ‘లాస్ట్+ఫౌండ్’ అను ఫోల్డరులో అంకెల పేర్లతో ఉంచును. మా పాల లెక్క చేరినది అచ్చటికే. వానిని తెరచి, లోపలి విషయమును బట్టి పేరు పెట్టుకొనవలెను. ఎక్స్‌ఎఫ్‌ఎస్, బిటిఆర్‌ఎఫ్‌ఎస్ అను వేరు ఫైలు వ్యవస్థలు గలవారికి ఈ ఆజ్ఞ చెల్లదు. వానికి వేరు ఆజ్ఞలు కలవు.

బ్యాడ్‌బ్లాక్స్ అను ఆజ్ఞను గూర్చియు ఒక మాట. అది డిస్కునంతటిని చదివి చెడిన చోట్లను ఏకరువు పెట్టును. ఊరక వాడినచో హాని లేదు. ‘-డబ్ల్యూ’ గుర్తు చేర్చినచో మాత్రము ప్రతి మడిలోను తన వ్రాత వ్రాసి పరీక్షించును, పాత సమాచారమంతయు నశించును. ఖాళీ డిస్కును కొని తెచ్చినప్పుడు తప్ప దానిని వాడకుడు.

ఆ వర్షాకాలము తరువాత పాల కేంద్రపు గోడకు ఒక నోటుబుక్కు దారముతో కట్టి వ్రేలాడదీసితిమి. ప్రతి నెల మొదటి తేదీని, ఉదయపు పాలు పోయుట ముగిసిన పిమ్మట, కుర్రవాడు 5, 197, 199 వరుసల అంకెలను అందు వ్రాయును. పదునొకండు నెలలు సున్నలే. పండ్రెండవ నెల 197వ వరుసలో 8 కనబడినది. లోపల 4,096 బైట్ల సెక్టారు ఒకటి చెడినను, 512 బైట్ల లెక్కన ఎనిమిదిగా కొన్ని డిస్కులు చూపును. ఆ యొక్క సెక్టారు కొరకై అతడు అదే సాయంత్రము పట్టణమునకు బస్సెక్కి క్రొత్త డిస్కు తెచ్చెను. రాత్రి పదకొండు గంటలకు నకలు పూర్తియైనది. మరునాడు తెల్లవారి పాలు పోయవచ్చినవారికి ఏమి జరిగినదో తెలియనే తెలియదు.